పాటల సేకరణ సర్దడానికి ఏ సాఫ్ట్‌వేర్ మేలు? ముందు రాగానికి గడి ఉందో లేదో చూడండి

డిసెంబరులో సభలు మొదలైతే చాలు, ఇక్కడ చెన్నైలో తెలుగు మిత్రులు ఇదే అడుగుతారు. మ్యూజిక్ అకాడమీలోనో మైలాపూరులోనో ఒక మంచి తోడి రాగం విని వస్తారు. ఇంట్లో ఉన్న తోడి కృతులన్నీ ఒక్కచోట వినాలనిపిస్తుంది. హార్డ్ డిస్క్ తెరిస్తే క్యాసెట్ల నుంచి ఎక్కించినవి, సీడీల నుంచి తీసినవి, ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చినవి అన్నీ కలగలిసి ‘ట్రాక్ 07’ అని కనిపిస్తాయి. ‘వీటిని దేంతో సర్దుకోమంటారండీ? ఆపిల్ మ్యూజిక్కా, మ్యూజిక్‌బీయా, ఫూబారా?’

మన సొంత ఫైళ్లు వినడానికి మూడూ ఉచితమే. పాట వినిపించడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. పైపై అందాలూ ఈక్వలైజర్లూ నేను లెక్కలోకి తీసుకోను. నాకు ముఖ్యమైనవి రెండే. రాగానికీ తాళానికీ గీత రచయితకూ విడి గడులు (ఫీల్డులు) పెట్టుకోనిస్తుందా? అందులో మనం రాసుకున్నది పాట ఫైల్లోనే రాస్తుందా, లేక తన డేటాబేస్‌లో దాచుకుంటుందా?

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఈ సాఫ్ట్‌వేర్లన్నీ మొదట ఆర్టిస్ట్, ఆల్బమ్ అన్న రెండు గడులనే ముందు పెట్టుకుని కట్టినవి. మన పాటకు అవి చాలవు. ఆర్టిస్ట్ అన్నచోట ఘంటసాల అని ఉందనుకోండి. ఆయన పాడారా, బాణీ కట్టారా, రెండూ చేశారా? పెండ్యాల బాణీకి ఆయన పాడినవి వేరు, ఆయన బాణీకి పి.లీల పాడినవి వేరు. బాలమురళీకృష్ణ గారి సంగతీ అంతే. త్యాగరాజ కృతి పాడినప్పుడు ఆయన గాయకుడు, ఆయన తిల్లానాను ఇంకొకరు పాడితే ఆయన వాగ్గేయకారుడు. ఒక్క గడిలో కుక్కితే ఈ తేడా పోతుంది, పోయాక ఏ వెతుకులాటకూ దొరకదు.

నిజానికి ఫైల్లో చోటు ఉంది. ఎమ్పీ3లో సమాచారం దాచే ఐడీ3 ట్యాగు 1996లో వచ్చినప్పుడు పాట పేరుకు 30 అక్షరాలే పట్టేవి, తెలుగు లిపికి దారే లేదు. తర్వాతి కూర్పుల్లో స్వరకర్తకొక గడి, గీత రచయితకొక గడి వచ్చాయి. తెలుగు లిపి పడుతుంది. మనకు కావలసిన పేరుతో కొత్త గడి కూడా వేసుకోవచ్చు. నాణ్యత తగ్గకుండా పాటను దాచే ఫ్లాక్ ఫైళ్లలోనూ అంతే. వాటిని చూపించి, వాటితో వెతకనివ్వాల్సింది సాఫ్ట్‌వేరే.

ఆపిల్ మ్యూజిక్ ఇక్కడే వెనకబడుతుంది. స్వరకర్త గడి ఉంది, కానీ రాగం అని కొత్త గడి వేసుకునే వీలు లేదు. అందుకే చాలామంది రాగాన్ని జానర్‌లోనో కామెంట్‌లోనో రాసుకుంటారు. మనం పాటలకు ఇచ్చుకున్న రేటింగు నక్షత్రాలు లైబ్రరీలోనే ఉంటాయి, ఫైల్లోకి రావు. ఫ్లాక్‌ను తీసుకోదు, ఆపిల్ సొంత ఫార్మాట్ ఆల్యాక్‌లోకి మార్చుకోవాలి. ఐఫోన్ చేతిలో ఉండి, సినిమా పాటలు ఓ రెండు మూడు వందలు మాత్రమే ఉన్నవాళ్లకు అది చాలు. కచేరీలు పోగేసేవాళ్లకు చాలదు.

ఫూబార్2000 అందుకు పూర్తిగా భిన్నం. 2002 నుంచి ఉన్నది, చాలా తేలికైనది. ఏ పేరుతో గడి వేసినా కాదనదు, నేరుగా ఫైల్లో రాస్తుంది. దాని ఆల్బమ్ లిస్ట్‌లో రాగం, దాని కింద వాగ్గేయకారుడు, దాని కింద కృతి, ఆ కింద గాయకులు అని చెట్టులా పరుచుకునేట్టు చేయొచ్చు. త్యాగరాజు పంచరత్న కృతులు ఐదూ నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ కింద వాటంతటవే చేరతాయి. కాకపోతే ఆ అమరికను శాతం గుర్తుల మధ్య గడి పేర్లు పెట్టి మనమే ఒక వరుసగా రాసుకోవాలి. ఒకసారి రాసిస్తే చాలు గానీ, ఆ ఒక్కసారి దగ్గరే పెద్దవాళ్లు ఆగిపోతారు.

నేను మ్యూజిక్‌బీ వైపే మొగ్గుతాను. కొత్త ట్యాగు పెట్టుకుని ఫైల్లో రాయమని సెట్టింగుల్లోనే చెప్పొచ్చు. ఆ తర్వాత పైన మూడు నిలువు వరుసలు పెట్టుకుంటే సరి. రాగం వరుసలో తోడి నొక్కితే పక్క వరుసలో త్యాగరాజు, శ్యామశాస్త్రి మిగులుతారు, త్యాగరాజును నొక్కితే ఆ కృతులు పాడినవాళ్లు మాత్రమే కనిపిస్తారు. సభ నుంచి వచ్చి మనం వెతికేది సరిగ్గా ఇలాగే కదా! కొత్తగా వచ్చిన ఫైళ్లను ఇన్‌బాక్స్‌లో విడిగా ఉంచుతుంది, ట్యాగులు పూర్తయ్యాకే వాటిని లైబ్రరీలోకి పంపొచ్చు. విండోస్‌లో తప్ప నడవదు, అదొక్కటే పెద్ద లోటు. మ్యాక్ ఉన్నవాళ్లు ఫూబార్ మ్యాక్ కూర్పు చూడండి. లినక్స్ అయితే స్ట్రాబెరీ. మీడియామంకీ కూడా పెద్ద సేకరణలకు పనికొస్తుంది. బీట్స్ అనే సాఫ్ట్‌వేర్ మాత్రం కమాండ్లు టైపు చేయడం అలవాటున్నవాళ్లకే.

ఏది ఎంచుకున్నా ట్యాగులు నింపడానికి ఎమ్పీ3ట్యాగ్ పక్కన పెట్టుకోండి. ఒక కచేరీ ఫైళ్లన్నీ ఎంచి పక్కవాద్యాల పేర్లు ఒక్కసారే రాసేయొచ్చు. మ్యూజిక్‌బ్రెయిన్జ్ అనే పాటల డేటాబేస్‌కు చెందిన పికార్డ్ పాట ధ్వనిని బట్టి పోల్చుకుని వివరాలు తెస్తుంది. ఆ డేటాబేస్‌లో కర్ణాటక కృతులకు రాగం, తాళం నమోదు చేసే ఏర్పాటు కూడా ఉంది. మార్కెట్లోకి వచ్చిన సీడీలకు ప్రయత్నించి చూడండి. ఇంట్లో క్యాసెట్ మీద రికార్డు చేసుకున్న కచేరీని మాత్రం అది గుర్తుపట్టలేదు, దానికి మన చెవులే దిక్కు.

రాగాల పేర్లు తెలుగు లిపిలోనే రాయండి. చెన్నైలో అచ్చయిన సీడీల మీద తోడికి ఇంగ్లీషులో టీ పక్కన హెచ్ ఉంటుంది, మనవాళ్లు రాస్తే ఉండదు. ఖరహరప్రియ మొదటి అక్షరానికీ ఇదే తంటా. సాఫ్ట్‌వేర్‌కు అవి రెండేసి రాగాలు. తెలుగులో ఒక్కటే రూపం కాబట్టి అన్నీ ఒకచోటికి వస్తాయి. గడి పేరు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో ఉంచండి, ఫ్లాక్‌లో గడి పేర్లకు వేరే లిపి పనికిరాదు. కారులో వినేవాళ్లు ఫైలు పేరు కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టుకోవడం మంచిది. చాలా కారు స్టీరియోల్లో తెలుగు అక్షరాలకు బదులు ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి.