గోడ స్టిక్కర్లు: ఎండాకాలం ఒక మాట, ముసురు పట్టాక ఇంకో మాట

పసిబిడ్డ గదికి తక్కువ డబ్బులో ఏం చేయొచ్చని అడిగితే మొదట్లో నేను చెప్పింది గోడ స్టిక్కర్లే. ఇప్పుడూ అదే చెబుతాను, కాకపోతే ముందు ఆ గోడ ఏదో చూడనివ్వండి అంటాను. చెట్టు, కోతులు, ఏనుగు, మబ్బులు ఉండే మామూలు పీవీసీ రకమే నేను వాడింది. షీటు మూడు నాలుగు వందలు, రెండు షీట్లకే గోడ కళకళలాడుతుంది. రెండేళ్లు దాటినా రంగు వెలవలేదు. నా కోపమంతా జిగురు మీద, ఇంకా చెప్పాలంటే ‘ఏ గోడకైనా’ అని కవరు మీద అచ్చేసిన ఆ ముక్క మీద.

నెల్లూరు అద్దె ఇళ్లలో తరచుగా కనబడేది డిస్టెంపరు. అందులో సుద్దపొడి ఎక్కువ, దాన్ని పట్టి ఉంచే బంక తక్కువ. అరచేత్తో గోడను గట్టిగా రుద్దండి. చేతికి తెల్లగా అంటిందా, స్టిక్కరు పట్టుకునేది గోడను కాదు, ఆ పొడిని. సెల్లోటేపు అంటించి ఒక్కసారిగా లాగితే ఇంకా తేటగా తెలుస్తుంది. టేపు శుభ్రంగా వస్తే సరే, పొడితో వస్తే ఆ గోడను వదిలేయండి.

రోహిణి కార్తెలో పడమటి గోడ మీద మొదటి దెబ్బ తగిలింది. వేడికి జిగురు మెత్తబడుతుంది, ప్లాస్టిక్ కొద్దిగా ముడుచుకుంటుంది, ఏనుగు చెవుల అంచులు లేస్తాయి. ఆ అంచు కింద దుమ్ము చేరితే మళ్లీ నొక్కినా అతకదు. దీన్ని భరించొచ్చు. అసలు రభస అక్టోబరులో. మన జిల్లాకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యనే పడుతుంది. ముసురు పట్టిందంటే కింది పోర్షన్ల గోడలు నేలలోంచి చెమ్మ పీలుస్తాయి. ఖాళీ గోడైతే ఆ చెమ్మ గాలికి ఆరిపోతుంది. స్టిక్కరు ఉన్న చోట దానికి దారి లేదు, ప్లాస్టిక్ వెనకే నిలుస్తుంది, దాంతోపాటు వచ్చిన ఉప్పు తెల్లగా పొంగుతుంది. చెట్టు మాను ఉన్న మేర డిస్టెంపరంతా అప్పడంలా ఊడి స్టిక్కరుతో సహా కిందికి వాలింది. వెనక నల్లటి బూజు, దాని వాసన. పసిబిడ్డ పడుకునే గదిలో ఉండకూడనిది అదే.

బాగుచేయడం చిన్న పనేం కాదు. వదులైన రంగంతా రేకుతో గీకాలి, ఉప్పును పొడి బ్రష్షుతో దులపాలి. నీళ్లతో కడిగితే అది కరిగి మళ్లీ లోపలికే పోతుంది. ముసురు పోయి గోడ పూర్తిగా ఆరాక రెండు పూతలు లప్పం, 180 నంబరు ఎమెరీ పేపరు, ప్రైమరు, ఆపైన రంగు. ఎమెరీ కొట్టే రోజు బిడ్డ ఆ ఇంట్లోనే ఉండకూడదు. ఇంత చేసినా పాత రంగుకు, కొత్త అతుకుకు తేడా కనబడుతూనే ఉంటుంది.

ఊహించని సంతోషం బీరువా దగ్గర దొరికింది. అదే షీటులో మిగిలిన మబ్బులు, రెండు కోతులు ఇనప బీరువా తలుపు మీద ఈరోజుకీ చెక్కుచెదరలేదు. సన్‌మైకా తలుపూ అంతే. సబ్బునీళ్లతో తుడిచి, బాగా ఆరబెట్టి, పై అంచు ముందు అంటించి, పాత ఏటీఎం కార్డుతో గాలిని కిందికి నెట్టుకుంటూ రావాలి. బుడగ మిగిలితే సూదితో చిన్న పొడుపు చాలు.

గోడ మీదే కావాలంటే, ఫ్లెక్స్ షాపులో అయిదు మిల్లీమీటర్ల సన్‌బోర్డు (తేలికపాటి ప్లాస్టిక్ అట్ట) రెండడుగులు మూడడుగుల ముక్క తీసుకుని, స్టిక్కరు దానికి అంటించి, నాలుగు స్క్రూలతో బిగించొచ్చు. వెనక వేలు దూరేంత సందు ఉంచితే గోడకు గాలాడుతుంది. ఉయ్యాలకు పైన మాత్రం ఏదీ తగిలించొద్దు.

ఇంకో చిక్కు మన ఆచారంతో వస్తుంది. బిడ్డ పుట్టకముందు ఏదీ సిద్ధం చేయరు, పుట్టాక ఇరవయ్యొకటో రోజు ఉయ్యాలలో వేసేలోపు రంగు, స్టిక్కర్లు అన్నీ హడావుడిగా పూర్తి చేస్తారు. కొత్త రంగు గట్టిపడటానికి మూడు నాలుగు వారాలైనా కావాలి. తల్లీబిడ్డా పుట్టింటి నుంచి మూడో నెలలోనో అయిదో నెలలోనో వచ్చే ఇళ్లకు ఆ వ్యవధి ఎట్టాగూ దొరుకుతుంది. రంగు ముందు వేయించి, స్టిక్కర్లు చివర్లో పెట్టుకోండి.

పిలకాయలు పాకడం మొదలుపెట్టాక అంచులు గిల్లుతారు, ఊడిన ముక్క నేరుగా నోట్లోకే పోతుంది. కింది అంచు నేలనుంచి నాలుగడుగుల పైన ఉండాలి. మంచం పక్క గోడైతే ఆ కొలత మంచం మీదనుంచి.

మేడమీద గది, చేతికి పొడి అంటని ఎమల్షన్ రంగు, ఎండ నేరుగా తగలని గోడ అయితే ఇవే స్టిక్కర్లు నేను మళ్లీ కొంటాను. కింది పోర్షనూ, డిస్టెంపరూ అయితే బీరువాకు సరిపడా ఒక్క షీటు చాలు. ఖాళీ చేసేటప్పుడు రంగు డబ్బు అడ్వాన్సులో పట్టుకునే ఓనరైతే, గోడ జోలికి పోయేముందు ఆయన్నొక మాట అడిగి చూడండి.