కలుషితాహారం కేసుతో వినియోగదారుల కమిషన్‌కు వెళ్తే: ఒక సమీక్ష

హోటల్ నుంచి తెచ్చుకున్న చికెన్ బిర్యానీ తిని మా నాన్నగారు మూడు రోజులు ఆస్పత్రిలో ఉండాల్సి రావడంతో, ఆ హోటల్ మీద మేం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాం. 2020 జులై 20న కొత్త వినియోగదారుల రక్షణ చట్టం అమల్లోకి వచ్చి ఫోరం కాస్తా కమిషన్ అయినా, మా వైపు ఇప్పటికీ అందరూ ఫోరమనే అంటారు. పద్నాలుగు నెలలు వాయిదాలకు తిరిగిన అనుభవంతో, ఆ సేవ సామాన్యుడికి ఎంతవరకు అక్కరకు వస్తుందో రాస్తున్నాను.

ఫిర్యాదు వేయడం మేం భయపడినంత కష్టం కాదు. ఆన్‌లైన్‌లో వేయవచ్చు, వకీలు తప్పనిసరి కాదు, హోటల్ ఎక్కడున్నా మనం నివసించే జిల్లాలోనే వేసుకోవచ్చు. రుసుమును మనం అడిగే పరిహారాన్ని బట్టి కాక, కొన్నదానికి చెల్లించిన ధరను బట్టి లెక్కిస్తారు; ఆ ధర 5 లక్షల రూపాయలు దాటకపోతే రుసుమే లేదు కనుక, 640 రూపాయల బిర్యానీకి మేం పైసా కట్టలేదు. రెండేళ్ల వరకు గడువుంది కదా, నాన్నగారు కోలుకున్నాక కాగితాలు పోగుచేసుకోవచ్చులే అనుకున్నాం. అదే మేం చేసిన పొరపాటు.

కష్టమంతా రుజువు దగ్గరే వచ్చింది. మిగిలిన బిర్యానీని అమ్మ ఆ రాత్రే పారేసి డబ్బా కడిగేసింది. డిశ్చార్జ్ సమ్మరీలో వాంతులు, విరేచనాలు, నీరసం అని ఉంది తప్ప, అవి ఏం తిన్నాక మొదలయ్యాయో ఒక్క ముక్క లేదు. అయితే ఆస్పత్రిలో చేర్చుకున్న నర్సు కేస్ షీట్ మీద ‘7.30కి బయటి బిర్యానీ, 10.30 నుంచి వాంతులు’ అని నీలి సిరాతో రాసిపెట్టింది. దరఖాస్తు పెట్టి తెచ్చుకున్న నకలులోని ఆ ఒక్క వరుసే మా కేసును నిలబెట్టింది. వండిన అన్నాన్ని గంటల తరబడి గోరువెచ్చగా వదిలేస్తే బాసిల్లస్ సెరియస్ అనే బాక్టీరియా పెరిగి విషాన్ని తయారుచేస్తుంది. మళ్లీ వేడి చేసినా ఆ విషం విరగదు. తిన్న ఒకటి నుంచి ఆరు గంటల్లోపు వాంతులు పట్టుకుంటాయి. బాక్టీరియా ఇదేనని ఎవరూ పరీక్ష చేసి తేల్చలేదు గానీ, మూడు గంటల వ్యవధి దీనికి సరిపోతుందని వైద్యుడు లేఖ ఇచ్చారు.

ఆ రోజు ఎంతోమంది తిన్నారు, ఇంకెవరూ ఫిర్యాదు చేయలేదన్నది హోటల్ వాదన. అదే పొట్లం తిన్న మా తమ్ముడికీ అదే రాత్రి వాంతులయ్యాయని, పెరుగన్నం తిన్న అమ్మకు ఏమీ కాలేదని మేం అఫిడవిట్లు వేశాం. 14 అంకెల ఆహార లైసెన్సు నంబరు ముద్రించిన బిల్లు మా దగ్గర ఉండటంతో, కొనలేదని మాత్రం వాళ్లు అనలేకపోయారు.

ఇక్కడ చట్టం గురించి ఒక మాట చెప్పాలి. కొన్నవారు తామే ఆహారాన్ని ప్రభుత్వ విశ్లేషకుడి చేత పరీక్ష చేయించుకునే హక్కును 2006 నాటి ఆహార భద్రతా చట్టం 40వ సెక్షన్ ఇచ్చింది, కానీ ఆ ఉద్దేశాన్ని కొనేటప్పుడే అమ్మినవారికి చెప్పాలని షరతు పెట్టింది. రాత్రి వాంతులవుతాయని సాయంత్రం పొట్లం కట్టించుకునేటప్పుడు ఎవరికి తెలుస్తుంది? కమిషన్ కూడా నమూనాను ప్రయోగశాలకు పంపగలదు, అయితే కేసు అక్కడిదాకా వచ్చేసరికి వండిన అన్నం మిగలదు. ఫుడ్ సేఫ్టీ అధికారికి ఫిర్యాదు చేస్తే వచ్చి నమూనాలు తీస్తారు గానీ, అవి వాళ్లు వచ్చిన రోజు వండినవే అవుతాయి. అందువల్ల బాధితుడికి మిగిలేవి కాగితాలూ, గడియారమే. ఎవరికైనా ఇలాంటిది జరిగితే, చికిత్స జరుగుతుండగానే ఎక్కడ, ఎన్ని గంటలకు, ఏం తిన్నారో డాక్టరు చేత కేస్ షీట్‌లో రాయించండి. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే మలాన్ని కల్చర్‌కు, అంటే బాక్టీరియాను పెంచి గుర్తించే పరీక్షకు, పంపమని అడగండి.

వేగం విషయంలో మా కమిషన్‌కు మంచి మార్కులు వేయలేను. జవాబు దాఖలుకు 30 రోజులు, మహా అయితే ఇంకో 15 అన్న గడువును కచ్చితంగా అమలుచేశారు. ఆ తర్వాత బండి నత్తనడక నడిచింది. ప్రయోగశాల పరీక్ష అక్కర్లేని ఫిర్యాదును నోటీసు అందిన మూడు నెలల్లో తేల్చాలని వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది. ఒక వాయిదాకు నాన్నగారు జ్వరంతోనే వచ్చి, గంటన్నర బల్ల మీద కూర్చుని, తర్వాతి తేదీ రాసుకుని వెనక్కి వచ్చారు.

చివరికి ఆస్పత్రి బిల్లు పూర్తిగానూ, వేదనకు 40 వేలు, ఖర్చులకు 5 వేలు చెల్లించాలని తీర్పు వచ్చింది. బిర్యానీ ఎప్పుడు వండారో, ఎంత వేడిలో ఉంచారో చూపే ఒక్క కాగితమూ హోటల్ దాఖలు చేయలేదని అందులో స్పష్టంగా రాశారు. డబ్బు కన్నా ఆ వాక్యం మా నాన్నగారికి ఎక్కువ తృప్తినిచ్చింది, రెండుసార్లు చదివించుకున్నారు. అప్పీలుకు 45 రోజుల గడువుండగా, హోటల్ వాళ్లు 41వ రోజున సగం మొత్తం జమ చేసి రాష్ట్ర కమిషన్‌కు వెళ్లారు. కేస్ షీట్ నకలు మరో మూడు ప్రతులు తీయించి పెట్టుకున్నాం.