కోనసీమ తిరుగుళ్లకు నెట్: ఫోన్ హాట్‌స్పాటా, జేబు డాంగిలా, టాపు మీద యాంటెనా ఉన్న రూటరా... ఏది మేలు?

సంక్రాంతి, వేసవి సెలవులు దగ్గరపడితే చాలామంది అడిగేది ఇదే. టెంపో ట్రావెలరో క్యారవానో వేసుకుని రాజమండ్రి నుంచి రావులపాలెం, అమలాపురం, రాజోలు మీదుగా అంతర్వేది దాకా వెళ్తాం, నాలుగు రోజులు బండిలోనే ఉంటాం, మధ్యలో ఆఫీసు కాల్స్ ఉంటాయి. నెట్‌కి ఫోన్ హాట్‌స్పాట్ సరిపోతుందా, డాంగిల్ కొనాలా, సిమ్ రూటర్ బిగించుకోవాలా?

అడిగేవాళ్లు మూడింటినీ స్పీడు లెక్కన పోలుస్తారు. డబ్బా మీద 150 ఎంబీపీఎస్ అనో 300 అనో రాసి ఉంటుంది. రాజోలు దాటి కొబ్బరి తోటల్లోకి దిగాక ఆ అంకెలతో పని లేదు. అక్కడ తేల్చేది టవర్‌తో మాట్లాడే యాంటెనా బండి లోపల ఉందా, బయట ఉందా అన్నదే. ఇనప బాడీ, అద్దాలకు వేసిన కూలింగ్ ఫిల్మ్ కలిసి సుమారు 10, ఒక్కోసారి 20 డెసిబెల్స్ దాకా సిగ్నల్ మింగేస్తాయి. లోహపు పూత ఉన్న ఫిల్మ్ అయితే మరీను. 10 డెసిబెల్స్ పోతే పదో వంతు మిగిలినట్టు, 20 పోతే నూరో వంతు. రోడ్డు మీద మైనస్ 98 డీబీఎం (సిగ్నల్ బలాన్ని కొలిచే లెక్క, సున్నాకు దూరమయ్యేకొద్దీ బలహీనం) ఉన్న సిగ్నల్ సీటు కింద బ్యాగులోకి వచ్చేసరికి మైనస్ 113 అయిందంటే కారణం ఆ బాడీయే.

ఇందులో ఇంకో చిక్కుంది. టవర్ పదుల వాట్లతో అరుస్తుంది. మన ఫోనుకైనా డాంగిల్‌కైనా ఉన్న శక్తి 0.2 వాట్లు, అంతే. అందుకే సిగ్నల్ పలచబడ్డప్పుడు ముందు చచ్చేది అప్‌లోడ్. యూట్యూబ్ బాగానే ఆడుతుంటుంది, వీడియో కాల్‌లో మాత్రం మీ మాట అవతలివాళ్లకు ముక్కలు ముక్కలుగా వినపడుతుంది. "నెట్ బాగానే ఉంది, కాల్ మాత్రం రావట్లేదు" అనే ఫిర్యాదులో చాలావరకు సంగతి ఇదే. యాంటెనా బయట పెడితే వచ్చే సిగ్నల్‌తో పాటు పోయేదీ బాగుపడుతుంది.

ఫోన్ హాట్‌స్పాట్‌తో మొదలెడదాం, ఎందుకంటే అది అందరి దగ్గరా ఉంది. దీని గొప్పతనం ఏమిటంటే యాంటెనాను చేత్తో పట్టుకుని ఎక్కడైనా పెట్టొచ్చు. టవర్ వైపు అద్దానికి, ఫిల్మ్ లేని చోట, సక్షన్ హోల్డర్‌తో నిలువుగా పెట్టండి. ముందద్దం దగ్గర డ్యాష్‌బోర్డు మీద మాత్రం వద్దు. మే నెల ఎండలో ఛార్జింగూ హాట్‌స్పాటూ కలిసి ఫోన్ కాలిపోతుంది, వేడెక్కిన ఫోన్ ముందు స్పీడు తగ్గిస్తుంది, ఆ తర్వాత హాట్‌స్పాట్‌ను ఆపేస్తుంది. నీడ వైపు పక్కద్దం మేలు.

రోజూ వాడే ఫోన్‌ను కాకుండా ఇంట్లో పడి ఉన్న పాత 4జీ ఫోన్‌ను ఈ పనికి కేటాయిస్తే సగం బాధలు పోతాయి. రెండు సిమ్‌ల ఫోన్‌లో నెట్ ఒక సిమ్ మీద నడుస్తుండగా రెండో సిమ్‌కు కాల్ వస్తే, చాలా ఫోన్లలో నెట్ ఆగిపోతుంది. వోల్టీఈ, అంటే కాల్ కూడా 4జీ మీదే వెళ్లే సదుపాయం, ఆఫ్ చేసి ఉంటే కాల్ కోసం ఫోన్ 2జీకి దిగిపోతుంది, అప్పుడూ అంతే. పాత ఫోన్‌లో ఒకటే సిమ్ వేసి, బ్యాటరీ సేవర్ ఆపేసి, "ఎవరూ కనెక్ట్ కాకపోతే హాట్‌స్పాట్ ఆపు" అన్న టైమర్‌నూ ఆపేయండి. లాప్‌టాప్‌కు హాట్‌స్పాట్ పేరే కనపడకపోతే ఫోన్ వైఫై 5 గిగాహెర్ట్జ్ మీద ఉండి ఉండొచ్చు, 2.4కి మార్చండి. ఐఫోన్‌లో ఆ స్విచ్ పేరు మాక్సిమైజ్ కంపాటిబిలిటీ.

ఫోన్‌తో ఇంకో దెబ్బ ప్లాన్ దగ్గర తగులుతుంది. అన్‌లిమిటెడ్ 5జీ ప్లాన్ ఉంది కదా అని నిశ్చింతగా ఉంటారు. ఆ అన్‌లిమిటెడ్ ఫోన్ 5జీ మీద ఉన్నంతసేపే. టౌను దాటి తోటల్లోకి వెళ్లగానే ఫోన్ చెప్పాపెట్టకుండా 4జీకి దిగుతుంది, అక్కడి నుంచి రోజుకి 2 జీబీ లెక్క మొదలవుతుంది. బండిలో నలుగురు రీల్స్ చూస్తుంటే మధ్యాహ్నం భోజనాల వేళకే అది అయిపోతుంది. ఆ తర్వాత వచ్చేది 64 కేబీపీఎస్. బార్లు నిండుగా ఉంటాయి, వాట్సాప్ మెసేజ్ మాత్రం వెళ్తుంది, పేజీ ఒక్కటీ తెరుచుకోదు. రీస్టార్ట్ చేసి, సిమ్ తీసి తుడిచి, సెట్టింగులు రీసెట్ చేసే ముందు ఆపరేటర్ యాప్ తెరిచి మిగిలిన డేటా చూడండి. లాప్‌టాప్‌లో ఆ వైఫైని "మీటర్డ్" అని పెట్టుకుంటే విండోస్ అప్‌డేట్ రెండు జీబీలూ తాగేయకుండా ఉంటుంది.

ఇక జేబు డాంగిల్, అంటే జియోఫై లాంటి బ్యాటరీ ఉన్న చిన్న పెట్టె. మా ఓటు దీనికి పడదు. ఫోన్ చేసేదానికంటే ఇది ఎక్కువ చేసేది ఏమీ లేదు. యాంటెనా లోపలే ఉంటుంది, బయటిది తగిలించడానికి చాలావాటికి సాకెట్టే ఉండదు. బ్యాటరీ 2300 నుంచి 3000 ఎంఏహెచ్, నాలుగైదు గంటలు. ఛార్జింగ్‌లో పెట్టి వదిలేస్తే బ్యాటరీ ఉబ్బుతుంది. ఎక్కువ రకాలు కేటగిరీ 4 అనే పాత తరగతివి, ఒకసారికి ఒక బ్యాండే (టవర్ వాడే ఒక ఫ్రీక్వెన్సీ పట్టీ) పట్టుకుంటాయి. చాలా 4జీ ఫోన్లు రెండు మూడు బ్యాండ్లు కలిపి లాగుతాయి. మీ ఫోన్‌కు కాల్స్ ఎక్కువ, విడిగా ఉంచడానికి పాత ఫోన్ కూడా లేదు అంటే తప్ప కొనక్కర్లేదు.

కోనసీమలో ఇల్లిల్లూ గల్ఫ్‌తో ముడిపడిందే కాబట్టి ఇంకో మాట. కువైట్ నుంచో దుబాయ్ నుంచో అన్నయ్య తెచ్చిచ్చిన డాంగిల్ ఇక్కడ ఎందుకు సరిగా ఆడదంటే రెండు కారణాలు. ఒకటి, అక్కడి కంపెనీకి లాక్ అయి ఉండొచ్చు. మన సిమ్ వేస్తే అన్‌లాక్ కోడ్ అడుగుతుంది. రెండోది బ్యాండ్లు. వెనకవైపు స్టిక్కర్ మీద లేదా సెట్టింగుల పేజీలో బ్యాండ్ 7, 20 కనపడతాయి, మన 4జీకి అవి రెండూ అక్కర్లేదు. ఇక్కడ కావాల్సినవి జియోకి 3, 5, 40, ఎయిర్‌టెల్‌కి 1, 3, 8, 40, బీఎస్ఎన్ఎల్ 4జీకి 1, 28. బ్యాండ్ 3 గల్ఫ్ డాంగిళ్లలోనూ మామూలుగా ఉంటుంది కాబట్టి జియో, ఎయిర్‌టెల్ సిమ్‌తో అమలాపురం బజార్లో బ్రహ్మాండంగా పనిచేస్తుంది, తోటలోకి వెళ్తే నీరసపడుతుంది. ఆకుల్లోంచి, గోడల్లోంచి దూరుకుని వచ్చేవి తక్కువ ఫ్రీక్వెన్సీలు. జియో బ్యాండ్ 5 అంటే 850, ఎయిర్‌టెల్ బ్యాండ్ 8 అంటే 900, బీఎస్ఎన్ఎల్ బ్యాండ్ 28 అంటే 700 మెగాహెర్ట్జ్. డెల్టాలో వాడే పరికరానికి ఈ బ్యాండ్లు లేకపోతే మిగతా గొప్పలు చూడనక్కర్లేదు. వాన పడి మట్టలు తడిసిన రోజున ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది.

మూడోది సిమ్ రూటర్. నెలకు నాలుగైదు రోజులైనా బండిలో ఉండి పనిచేసేవాళ్లకు మేమిచ్చే సలహా ఇదే. అయితే రూటర్ కొని లోపల అరలో పెట్టేస్తే డాంగిల్‌కీ దీనికీ తేడా లేదు, టాపు మీద యాంటెనా ఉంటేనే దీని విలువ. కొనేటప్పుడు చూడాల్సింది ఎల్‌టీఈ (అంటే 4జీ) యాంటెనాలు విప్పదీసే రకమా కాదా అని. కొన్నింటికి బయటికి కనపడే కొమ్ములు వైఫైవి, సిమ్‌వి లోపల ఉంటాయి. మర తిప్పి యాంటెనా బిగించే ఎస్ఎంఏ సాకెట్లు రెండు ఉండాలి, రెండింటికీ యాంటెనా తగిలించాలి. ఒకటే తగిలిస్తే రెండు దారుల్లో రావాల్సిన డేటా ఒక దారికి పడిపోతుంది.

కేబుల్ దగ్గర చాలామంది డబ్బు నీళ్లపాలు చేసుకుంటారు. సన్నటి ఆర్‌జీ 58 కేబుల్ 1800 మెగాహెర్ట్జ్ దగ్గర పది మీటర్లకు సుమారు 8 నుంచి 10 డెసిబెల్స్ తినేస్తుంది. 5 డెసిబెల్స్ లాభం అని రాసిన యాంటెనాకు పది మీటర్ల ఆ కేబుల్ వేస్తే మిగిలేది నష్టమే. రూటర్‌నే టాపుకి దగ్గరగా పెట్టి కేబుల్‌ను రెండు మూడు మీటర్లలో ముగించండి. తప్పక దూరం పోవాలంటే ఎల్ఎంఆర్ 400 లాంటి లావు కేబుల్ వేయాలి, దానికి పది మీటర్లకు 2 డెసిబెల్స్ లోపే పోతుంది.

నడిచే బండికి అన్ని వైపులా పట్టే గుండ్రటి రకం యాంటెనా కావాలి. ఒకే వైపు చూసే ప్యానెల్ రకం దిండి రిసార్టుల దగ్గరో, గట్టు పక్కనో రెండు రోజులు ఆగినప్పుడు టవర్ వైపు తిప్పి కట్టుకోవడానికి. అయస్కాంతం మీద నిలబడే యాంటెనాకు కింద ఇనుము ఉండాలి, అది కేవలం అతుక్కోవడానికి కాదు, యాంటెనా పనిలో ఆ రేకుకూ సగం వాటా ఉంది. ఫైబర్ టాపు ఉన్న క్యారవాన్ అయితే ఒక అడుగు చదరపు ఇనప రేకు కింద పెట్టండి. కేబుల్ లోపలికి దిగే చోట ఒక మెలిక కిందికి వేలాడేలా వదిలితే వాన నీరు అక్కడే కారిపోతుంది. ఓడలరేవు, అంతర్వేది వైపు ఉప్పుగాలికి ఎస్ఎంఏ కనెక్టర్లు ఒక్క వేసవిలోనే పచ్చబడతాయి, బిగించిన తర్వాత సాగదీసి చుట్టే రబ్బరు టేపు మూడు చుట్లు వేయండి.

రూటర్‌తో ఇంకో బాధ కరెంటు. బండి బ్యాటరీ 12 వోల్టులే కదా అని నేరుగా కలిపేస్తారు. ఇంజన్ నడుస్తుంటే అది 14 దాటుతుంది, సెల్ఫ్ కొట్టినప్పుడు ఒక్కసారిగా పడిపోతుంది. రూటర్ రీస్టార్ట్ అయి మళ్లీ నెట్ రావడానికి రెండు నిమిషాలు. కొన్ని రూటర్లకు కావాల్సింది 9 వోల్టులు, కాబట్టి ముందు అడాప్టర్ మీద అంకె చూసి, అంతే వోల్టేజీని నిలకడగా ఇచ్చే బక్-బూస్ట్ కన్వర్టర్ మధ్యలో పెట్టండి. రూటర్ 8 వాట్లు తింటుందనుకుంటే 12 వోల్టుల 20 ఏహెచ్ లిథియం బ్యాటరీ ఒకటి రోజంతా లాగుతుంది. అద్దాలన్నీ మూసి ఎండలో వదిలేసిన బండిలో మాత్రం రూటర్ ఆపేయండి, ఇంటి రూటర్లు 40 డిగ్రీల దాకానే తట్టుకునేలా చేసినవి.

సిమ్ మార్చాక నెట్ రాకపోతే సెట్టింగుల్లో ఏపీఎన్, అంటే ఆపరేటర్ నెట్‌కు కలిపే పేరు, చూడండి. జియోకి జియోనెట్, ఎయిర్‌టెల్‌కి ఎయిర్‌టెల్‌జీపీఆర్ఎస్ డాట్ కామ్, బీఎస్ఎన్ఎల్‌కి బీఎస్ఎన్ఎల్‌నెట్. ప్రోటోకాల్ ఐపీవీ4, ఐపీవీ6 రెండూ ఉండేలా పెట్టాలి.

ఎయిర్‌ఫైబర్ ఇంటికి బిగించేది, తిరుగుళ్లకు కాదు. లాప్‌టాప్‌కు గుచ్చే యూఎస్‌బీ డాంగిల్ ఒక్కరికి ఫర్వాలేదు. సిగ్నల్ బూస్టర్ అని ఆన్‌లైన్‌లో అమ్మేవి కొనకండి, మన దేశంలో అనుమతి లేకుండా పెట్టడం నేరం, పైగా చుట్టుపక్కల ఊరందరి నెట్టూ పాడవుతుంది.

ఏది వాడినా, ఇబ్బంది ఎక్కడుందో తెలియడానికి ఒక వరుస ఉంది. మొదట హాట్‌స్పాట్ ఇస్తున్న ఫోన్‌లోనే పేజీ తెరవండి. అక్కడ బాగుంటే తప్పు వైఫైలో ఉంది. అక్కడా రాకపోతే మిగిలిన డేటా చూడండి. అదీ ఉంటే ఆండ్రాయిడ్‌లో నెట్‌మాన్‌స్టర్ లాంటి యాప్‌లోగానీ, ఐఫోన్‌లో *3001#12345#* కొట్టిగానీ రెండు అంకెలు చూడండి. మొదటిది ఆర్ఎస్ఆర్‌పీ, అంటే సిగ్నల్ బలం. అది మైనస్ 100 కంటే మెరుగ్గా ఉంటే సిగ్నల్ చాలు, మైనస్ 110 దాటితే కాల్స్ కష్టం. రెండోది ఎస్ఐఎన్ఆర్, అంటే మాటకూ రొదకూ ఉన్న తేడా. 10 పైన మంచిది, సున్నా దగ్గరైతే బార్లు ఎన్ని ఉన్నా లాభం లేదు. ఈ రెండో రకం బాధ గోదారి మీద ఎక్కువ. సఖినేటిపల్లి నుంచి నర్సాపురం పంటు ఎక్కినప్పుడు, చించినాడ వంతెన మధ్యలో ఆగినప్పుడు రెండు గట్ల టవర్లూ అడ్డం లేకుండా ఒకేసారి వినపడతాయి. ఫోన్ ఇటా అటా అని ఊగుతుంది. అక్కడ చేసేదేమీ లేదు, రేవు దాటాక కాల్ చేసుకోవడమే.

మొదటి రకం అంటే సిగ్నలే బలహీనంగా ఉన్నప్పుడు, పరికరం మార్చే ముందు బండిని మార్చండి. తోట నడుమ ఆపిన బండిని ఏటిగట్టు మీదికి ఎక్కిస్తే ఎత్తూ కలిసొస్తుంది, ఎదురుగా నీళ్లు తప్ప అడ్డమూ ఉండదు.

సిమ్‌లు రెండు వేర్వేరు ఆపరేటర్లవి ఉండాలి, ఆ రెండూ ఒకే టవర్ మీద ఉండే జంట కాకూడదు. ఎయిర్‌టెల్, వీఐ చాలాచోట్ల ఇండస్ అనే టవర్ల కంపెనీకి చెందిన ఒకే టవర్ మీద ఉంటాయి. తుపానుకు కరెంటు పోయి టవర్ బ్యాటరీ దిగిపోతే రెండూ కలిసి పోతాయి. జియోకి తోడు ఎయిర్‌టెల్, లేదా వీటిలో ఒకదానికి తోడు బీఎస్ఎన్ఎల్ అన్నది లంకల్లో తిరిగేవాళ్లకు మంచి జత.

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలోనో, భీష్మ ఏకాదశికి అంతర్వేది రథోత్సవంలోనో టాపు మీద యాంటెనా ఉన్నా మామూలు ఫోన్లతో పాటే వంతు కోసం కూర్చోవాల్సిందే. అక్కడ కరువు సిగ్నల్‌కు కాదు, ఒకే టవర్ మీద పడ్డ వేలమందిలో మీ వంతు రావడానికి. రూటర్ సెట్టింగుల్లో బ్యాండ్ ఎంచుకునే వీలుంటే ఒక్కోటీ మార్చి చూడండి. జనం ఫోన్లు ఎక్కువగా కూర్చున్న బ్యాండ్ వదిలి బ్యాండ్ 40 మీదికి వెళ్తే ఒక్కోసారి దారి దొరుకుతుంది. 5జీ ఉన్న చోట అది ఇంకా ఖాళీగా ఉండొచ్చు. కాల్ తప్పదంటే బండి తీసి తీర్థానికి రెండు మూడు కిలోమీటర్లు ఇవతలికి, వేరే టవర్ కిందికి రండి. మ్యాపులు మాత్రం ముందు రోజు రాత్రే ఫోన్‌లోకి దింపుకోండి.