పొగతోట రక్త నమూనా కేంద్రంలో ఎన్‌కే కణాల పరీక్షకు ఇచ్చిన అనుభవం

మాది కావలి. మా తమ్ముడికి చెన్నైలో ఎముక మజ్జ మార్పిడి జరిగి ఇది నాలుగో నెల. మూలకణాలు ఇచ్చింది మా అక్క. రోగనిరోధక శక్తి తగ్గినవారిని ఇబ్బంది పెట్టే సీఎంవీ (సైటోమెగాలో) వైరస్ రెండుసార్లు తిరగబెట్టడంతో డాక్టరు గారు సహజ హంతక కణాల, అంటే ఎన్‌కే కణాల, పనితీరు పరీక్ష రాశారు. మార్పిడి జరిగిన అందరికీ రాసే పరీక్ష కాదిది. కొత్త మజ్జ కుదురుకున్నాక లింఫోసైట్లలో (తెల్ల రక్తకణాల్లో ఒక రకం) అన్నిటికంటే ముందు కోలుకునేవి ఈ కణాలే. చాలామందిలో నెల తిరిగేసరికే వీటి సంఖ్య పుంజుకుంటుంది గాని, వైరస్ సోకిన కణాన్ని పట్టి చంపే సత్తా పూర్తిగా రావడానికి నెలలు పడుతుంది. స్టెరాయిడ్లు వాడుతుంటే అది ఇంకా తగ్గుతుంది. అందువల్ల ల్యాబులో రోగి కణాలను కె562 అనే లుకేమియా కణాలతో కలిపి, వాటిలో ఎన్నింటిని చంపగలిగాయో కొలుస్తారు. అంతవరకూ రోగి కణాలు ప్రాణంతో ఉండాలి.

ఈ సంగతి మాకు ఒక నమూనా పోయాకే తెలిసింది. మొదట వేరొకచోట ఇచ్చిన రక్తాన్ని ఐసు పెట్టిన డబ్బాలో పంపగా, చల్లదనానికి కణాలు దెబ్బతింటాయని, అది పనికిరాదని ల్యాబు వారు తిప్పి పంపారు. నరం దొరకడమే కష్టంగా ఉన్న పిల్లవాడికి మళ్లీ సూది గుచ్చాల్సి వచ్చింది.

నెల్లూరు పొగతోటలోని ఈ చిన్న కేంద్రంలో ఆ పొరపాటు జరగలేదు. "చెయ్యి వదులుగా పెట్టు నాయనా" అంటూ రక్తం తీసిన పెద్దావిడ, రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్ ఉన్న ఆకుపచ్చ మూత గొట్టాన్ని విదిలించకుండా ఎనిమిది పదిసార్లు మెల్లగా తలకిందులు చేసి, తీసిన సమయాన్ని నిమిషాలతో సహా చీటీ మీద రాశారు. ఐసు ఊసే లేదు. గది వేడిమిలో ఉంచిన జెల్ ప్యాకెట్ల మధ్య గొట్టాన్ని నిలబెట్టి, థర్మోకోల్ డబ్బాను మనిషి చేతికిచ్చి పినాకిని ఎక్స్‌ప్రెస్ రైలులో ల్యాబుకు పంపారు. నమూనా చేరిందని ఆ సాయంత్రమే ఫోను వచ్చింది. రోగనిరోధక శక్తిని అణిచే టాక్రోలిమస్, ప్రెడ్నిసొలోన్ (స్టెరాయిడ్) మందులు తమ్ముడు ఎంతెంత వాడుతున్నాడో అడిగి ఫారంలో ఎక్కించుకోవడం నాకు అన్నిటికంటే నమ్మకం కలిగించింది, ఎందుకంటే ఆ వివరం లేకపోతే తక్కువగా వచ్చిన అంకె మందుల వల్లనా, కణాల వల్లనా అని తేల్చుకోవడం డాక్టరుకే కష్టం.

వేచి ఉండే గది మాత్రం బాగాలేదు. జ్వరాలతో, దగ్గులతో వచ్చినవారి మధ్య మార్పిడి రోగిని కూర్చోబెట్టడం ప్రమాదమని చెబితే వెంటనే లోపలికి పిలిచారు, నిజమే. అయినా అడగనివారి మాటేమిటి? ఇలాంటి రోగులకు వేరుగా ఒక కుర్చీ, ఒక తలుపు ఏర్పాటు చేయాలి. రిపోర్టులో పనితీరు శాతమే ఉంది, కణాల సంఖ్య లేదు. దానికి వేరే పరీక్ష రాయించుకోవాలని ముందే చెప్పి ఉంటే రెండూ ఒకే సూదితో అయిపోయేవి.

వెళ్లేవారు ముందురోజే ఫోను చేసి, పొద్దున్నే మందుల చీటీతో వెళ్లండి. శనివారం తీసిన నమూనాను వారు పంపరు.