చెకుముకి, క్యాప్, ఇన్‌లైన్: పెన్సిల్వేనియా జింకల వేటకు ఏ మజిల్‌లోడర్ మేలు?

గొట్టం మూతిలోంచి మందు పోసి, గుండు పెట్టి, కడ్డీతో కూరి పేల్చే తుపాకీ మజిల్‌లోడర్. ఏజెన్సీ వార్తల్లో భర్మార్ అనో నాటు తుపాకీ అనో మనం చదివేది ఈ జాతిదే. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. అమెరికాలో మాత్రం ఈ తుపాకీకి విడిగా సీజన్లు ఉన్నాయి. అందుకని ఇక్కడ కొత్తగా హంటింగ్ లైసెన్సు తీసుకున్న మనవాళ్లు "ఏది కొనమంటారు?" అని అడుగుతుంటారు. కంపెనీ పేరు చెప్పే ముందు నేను అడిగేది ఒకటే: వేటకు ఏ నెలలో వెళ్తారు?

పెన్సిల్వేనియాలో ఈ ప్రశ్నతోనే సగం తేలిపోతుంది. అక్టోబరులో కొమ్ముల్లేని జింకల కోసం వారం పాటు ఒక సీజన్ ఉంటుంది. దానికి ఏ మజిల్‌లోడర్ అయినా సరే, స్కోప్ (గురి చూసే దుర్భిణి) కూడా పెట్టుకోవచ్చు. రెండోది క్రిస్మస్ మర్నాడు మొదలై జనవరిలోకి సాగుతుంది. 1974 నుంచి నడుస్తున్న ఈ సీజన్‌లో చెకుముకి రాయితో నిప్పు పుట్టించే ఫ్లింట్‌లాక్‌కే అనుమతి. క్యాలిబర్ (గొట్టం లోపలి వ్యాసం, అంగుళాల్లో) .44కి తగ్గకూడదు, స్కోప్ కుదరదు. 18వ శతాబ్దంలో ఇక్కడి లాంకాస్టర్ ప్రాంతపు జర్మన్ కమ్మరులు చేసిన పొడుగు రైఫిళ్ల మీద ఈ రాష్ట్రానికి ఉన్న మమకారం అలాంటిది.

ముందు ఇన్‌లైన్ సంగతి. మిస్సోరీకి చెందిన టోనీ నైట్ 1985లో ఎంకే-85 అనే రైఫిల్ తెచ్చాక ఈ రకం ఊపందుకుంది. మందు వెనకే, గొట్టానికి సూటిగా, దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే ప్రైమర్ ఉంటుంది. ఇప్పటి వాటిలో ఎక్కువగా షాట్‌గన్‌కు వాడే 209 ప్రైమరే. నిప్పు నేరుగా మందుకు తగులుతుంది, ఆలస్యం ఉండదు, తేమ భయం తక్కువ. తూటాను తిప్పే గొట్టం లోపలి గాడుల మెలిక సాధారణంగా 28 అంగుళాలకు ఒక చుట్టు. ప్లాస్టిక్ తొడుగులో కూర్చున్న పొడుగాటి తూటాకు ఆ మెలికే కావాలి. స్కోప్ పెట్టి గురి సరిచేసుకుంటే 150 గజాల దాకా ధైర్యంగా కాల్చవచ్చు. సీవీఏ, ట్రెడిషన్స్ కంపెనీల చౌక రకాలు సుమారు 300 డాలర్లకు దొరుకుతాయి. ఖరీదైనదానికి రెట్టింపు పెడితే గొట్టం మెరుగ్గా, ట్రిగ్గర్ మెత్తగా ఉంటుంది. కానీ ఇక్కడి అడవుల్లో వంద గజాల లోపు కాల్చే జింకకు ఆ తేడా తెలియదు. ఆ డబ్బును మంచి స్కోప్ మీద, ప్రాక్టీసు మందు మీద పెట్టడం నయం.

ఫ్లింట్‌లాక్ వేరే లోకం. సుత్తికి బిగించిన చెకుముకి రాయి ఉక్కు రేకు మీద గీసుకుంటుంది, నిప్పురవ్వలు పళ్లెంలోని సన్నమందు మీద పడతాయి, ఆ మంట చిన్న చిల్లు గుండా గొట్టంలోకి వెళ్లి అసలు మందును అంటిస్తుంది. ట్రిగ్గర్ నొక్కడానికీ గుండు బయటికి రావడానికీ మధ్య కొద్ది ఎడం ఉంటుంది. కంటి ముందే భగ్గుమంటుంటే తుపాకీ కదలకుండా పట్టుకోవడం అలవాటు కావాలి. కదిలిపోవడం మొదట్లో అందరికీ ఉండేదే. నిజాయితీగా చెప్పాలంటే 50 నుంచి 75 గజాల తుపాకీ ఇది. మంచు పడే డిసెంబరులో పళ్లెం తడిస్తే రవ్వలు పడి కూడా లాభం లేదు. లాక్ (సుత్తి, రేకు, పళ్లెం ఉన్న భాగం) మీద మైనం పట్టించిన తోలు కప్పుకుని, గంటగంటకీ పళ్లెంలో మందు మార్చుకుంటూ తిరగాలి.

ఇక్కడ చౌక రకం కొంటే దెబ్బతింటారు. ఇన్‌లైన్‌లో చౌక పనిచేసినట్టు ఫ్లింట్‌లాక్‌లో పనిచేయదు. తుపాకీ అంతా లాక్‌లోనే ఉంది: స్ప్రింగు బలం సరిపోకపోయినా, ఉక్కు రేకు సరిగ్గా గట్టిపడకపోయినా రవ్వలు రావు. రాళ్లు మార్చి మార్చి విసిగిపోతారు. మంచి లాక్ ఉన్న ఇటలీ తయారీ అయినా, ఇంట్లో బిగించుకునే మంచి కిట్ అయినా వెయ్యి డాలర్ల మాట. ఆ ఖర్చుకు సిద్ధపడకపోతే క్రిస్మస్ సీజన్‌ను ఈ ఏడాదికి వదిలేయండి.

మందు విషయంలోనూ తేడా ఉంది. ఫ్లింట్‌లాక్‌కు అసలు నల్లమందే కావాలి. పైరోడెక్స్ లాంటి ప్రత్యామ్నాయాలు అంటుకోవడానికి ఎక్కువ వేడి కావాలి, రాతి రవ్వ చాలదు. నల్లమందును చట్టం పేలుడు పదార్థంగా చూస్తుంది కాబట్టి అన్ని షాపులూ పెట్టవు, వెతుక్కోవాలి. కాల్చాక మిగిలే మసి గాలిలో తేమను లాగి గొట్టాన్ని తినేస్తుంది. ఆ రోజు రాత్రే వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించాల్సిందే. ఇన్‌లైన్‌లో బ్లాక్‌హార్న్ 209 అనే ప్రత్యామ్నాయ మందు వాడితే ఈ బాధ చాలా తగ్గుతుంది, ధర మాత్రం ఎక్కువ. ఏ మందునైనా బరువు తూచకూడదు, కొలతపాత్రతో ఘనపరిమాణంలో కొలవాలి. ప్రత్యేకంగా అందుకోసమే చేసిన కొన్ని మోడళ్లలో తప్ప మామూలు రైఫిల్ తూటాల పొగలేని మందు పోస్తే గొట్టం చేతిలోనే పగులుతుంది.

మధ్యలో ఉన్నది పర్కషన్ క్యాప్ రకం: పక్కనుండే సుత్తి చిన్న లోహపు మూత (క్యాప్) మీద కొడితే నిప్పు పుడుతుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, ఫ్లింట్‌లాక్ కంటే నమ్మకంగా పేలుతుంది. పెన్సిల్వేనియాలో మాత్రం ఇది రెంటికీ చెడ్డ రేవడి. క్రిస్మస్ సీజన్‌లో రానివ్వరు, అక్టోబరులో ఇన్‌లైన్ ముందు నిలవదు. అదే ఐడహోకు వెళ్తే లెక్క తిరగబడుతుంది. అక్కడి మజిల్‌లోడర్ సీజన్లలో 209 ప్రైమరు, గోళీల్లా వచ్చే మందు, ప్లాస్టిక్ తొడుగు తూటా, స్కోప్ అన్నీ నిషేధం. అక్కడ క్యాప్ రైఫిలే రాజు. కొలరాడోలో ఇన్‌లైన్‌కు అడ్డు లేదు గానీ స్కోప్, మందు గోళీలు, ప్లాస్టిక్ తొడుగు కుదరవు. కాబట్టి పక్క రాష్ట్రం మిత్రుడు మెచ్చుకున్నాడని కొనేయకండి.

నా ఓటు: మొదటి తుపాకీగా చౌక ఇన్‌లైన్, .50 క్యాలిబర్. రెండు మూడేళ్లయ్యాక ఈ పిచ్చి తగ్గకపోతే మంచి ఫ్లింట్‌లాక్. క్యాప్ రకం పశ్చిమాన వేటకు వెళ్లేవాళ్లకే.

వీసా మీద ఉన్నవాళ్లు ఒకటి గమనించాలి. ఫెడరల్ చట్టం చాలా మజిల్‌లోడర్లను పురాతన ఆయుధాల కింద వదిలేస్తుంది. కానీ గొట్టం మార్చి మామూలు తూటాలు కాల్చగలిగే మోడళ్లకు ఆ మినహాయింపు లేదు. న్యూజెర్సీ లాంటి రాష్ట్రాల్లోనైతే మజిల్‌లోడర్‌కూ అనుమతి కార్డు కావాలి. ఇమిగ్రేషన్ లాయర్‌ను ఒక మాట అడిగాకే డబ్బు కట్టండి.

సెకండ్ హ్యాండ్ కొంటుంటే గొట్టంలోకి కడ్డీ దించి, మూతి దగ్గర గుర్తు పెట్టి, బయటికి తీసి గొట్టం పక్కన ఆనించి చూడండి. కడ్డీ చివర గొట్టం అడుగుదాకా చేరకపోతే, ఎవరో ఎప్పుడో కూరిన మందూ గుండూ ఇంకా లోపలే ఉన్నాయనుకుని, తెలిసినవాళ్లు తీసేదాకా దాన్ని ముట్టుకోవద్దు.