రాధానగరా, భరత్‌పూరా: పిల్లలతో, పెద్దలతో వెళ్ళేవారికి ఏది మేలు?

సెలవులకు అండమాన్ వెళ్ళే బంధుమిత్రులందరూ నన్ను అడిగే ప్రశ్న ఒకటే: సముద్ర స్నానానికి ఒక్క రోజే మిగిలితే హేవ్‌లాక్‌లోని రాధానగర్‌కు వెళ్ళాలా, నీల్ దీవిలోని భరత్‌పూర్‌కు వెళ్ళాలా? (2018లో ఈ దీవుల పేర్లను స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ అని మార్చినా పాత పేర్లే ఇంకా నోట నానుతున్నాయి.) డెబ్బై ఏళ్ళ అమ్మను, ఐదేళ్ళ పాపను వెంటబెట్టుకొని డిసెంబరులో రెండు చోట్లా గడిపి వచ్చాను కనుక నాకు తోచినది చెబుతాను.

అందం విషయంలో రాధానగర్‌కు సాటి లేదు. 2004లో టైమ్ పత్రిక దానిని ఆసియాలోకెల్లా మేలైన తీరమని మెచ్చుకొంది. 2020లో మన రుషికొండతో పాటే దానికీ శుభ్రమైన, సురక్షితమైన తీరాలకిచ్చే అంతర్జాతీయ 'బ్లూ ఫ్లాగ్' గుర్తింపు దక్కింది. మెత్తని తెల్లని ఇసుక, వెనుక ఎత్తైన చెట్ల నీడ, పడమటి తీరం కావడం వల్ల కళ్ళెదుటే నీటిలోకి దిగే సూర్యుడు. అయితే శీతకాలంలో అక్కడ సాయంత్రం ఐదింటికే పొద్దు గూకుతుంది కాబట్టి, భోజనాలు చేసి తీరికగా బయలుదేరితే మిగిలేది గంటన్నరే.

నా దృష్టిలో ఈ ప్రశ్నను తేల్చేది అందం కాదు, పోటుపాట్లు. భరత్‌పూర్ నీటి అడుగున పగడపు దిబ్బలు ఉన్నాయి. అవి అలల జోరును బయటే అడ్డుకోవడం వల్ల పోటు సమయంలో అక్కడి నీరు చెరువులా నిలిచి ఉంటుంది. పాటు వేళ మాత్రం అదే చోట చీలమండల లోతు నీరు, అరికాళ్ళను కోసే పగడపు రాళ్ళు మిగులుతాయి. మేము మొదటి రోజు పన్నెండింటికి చేరేసరికి సముద్రం ఎంతో దూరం వెనక్కి పోయి ఉంది; పాప చుట్టూ చూసి "నీళ్ళేవి?" అని అడిగింది. మరునాడు ఉదయం ఏడున్నరకు వెళితే నీరు దాని ఛాతీ దాకా నిండి, ఒక్క అల కూడా లేకుండా తేటగా కనిపించింది. మోకాళ్ళ నొప్పులతో బాధపడే అమ్మ చీర కుచ్చిళ్ళు ఎగదోపుకొని, గట్టు దగ్గరి నీటిలో గంటసేపు కూర్చుంది. పాప ఏరిన శంఖం అరచేతిలోనే నడవసాగింది. లోపల సన్యాసి పీత ఉంది. (ఖాళీ శంఖాలనైనా, పగడపు ముక్కలనైనా వెంట తెచ్చుకోకూడదు.)

రాధానగర్‌లో ఈ చిక్కు లేదు. అడుగంతా ఇసుక కావడం వల్ల ఏ వేళకైనా దిగవచ్చు. కానీ అలలు ఒడ్డునే విరుగుతాయి. పాప చేయి క్షణమైనా వదలలేకపోయాను. వానాకాలంలో సరేసరి.

హేవ్‌లాక్‌లోనే ఇంకో రెండు తీరాలున్నాయి. ఎలిఫెంట్ బీచ్ పడవెక్కి వెళ్ళి పగడాలు చూడాలనుకునే పడుచువారికి బాగుంటుంది. కాలాపత్తర్ సూర్యోదయానికీ, ఫోటోలకూ సరిపోతుంది.

కనుక పిల్లలూ పెద్దలూ వెంట ఉంటే నా ఓటు భరత్‌పూర్‌కే. రేవు నుంచి దగ్గర, నీటిలో దిగలేనివారికి అద్దాల అడుగున్న పడవలూ ఉన్నాయి. అయితే పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ ఉంటుంది కాబట్టి, నీల్‌కు పడవ టిక్కెట్టు కొనే ముందే ఆ రోజు పోటు ఎన్ని గంటలకో బస చేసిన చోట అడగండి. అది తెల్లవారుజామునో, పొద్దు గూకాకనో అని తెలిస్తే రాధానగర్‌కే వెళ్ళండి.