క్రియాన్ 25000: పనితనమంతా ఆ పూసల్లోనే

ప్యాంక్రియాస్ (జీర్ణరసాలు ఇచ్చే క్లోమ గ్రంథి) దెబ్బతిని, తిన్న నూనె అరగక, విరేచనం జిడ్డుగా నీళ్ల మీద తేలేవాళ్లకి ఈ క్యాప్సూల్ పప్పూ కూరా లాగే కంచంలో భాగం. 25000 అన్నది కొవ్వుని అరిగించే ఎంజైమ్ లైపేజ్ యూనిట్ల లెక్క. పిండిపదార్థానికి అమైలేజ్ 18,000, మాంసకృత్తులకి ప్రొటియేజ్ 1,000 కూడా ఉంటాయి. డాక్టరు చీటీలో 25000 ఉంటే 10000 తెచ్చుకుని "అదే మందు కదా" అనుకోవద్దు. విశాఖ కేజీహెచ్ ఆసుపత్రి దగ్గర షాపులో కౌంటర్ మీదే అంకె సరిచూసుకోండి. ఎంజైమ్ పంది ప్యాంక్రియాస్ నుంచి తీసినది. అభ్యంతరం ఉన్నవాళ్లు డాక్టరుతో ముందే మాట్లాడాలి.

క్యాప్సూల్ విప్పితే ఆవగింజంత గోధుమరంగు పూసలు కనిపిస్తాయి. నాలుగు పూసల్ని నిమ్మరసంలో వేయండి, చెక్కుచెదరవు. వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్లలో వేస్తే కాసేపటికి మెత్తబడి మడ్డిలా విడిపోతాయి. కడుపులోని ఆమ్లాన్ని తట్టుకుని, పీహెచ్ (ఆమ్లం ఎంత తక్కువైతే అంత పెరిగే అంకె) 5.5 దాటిన చిన్నపేగులో కరిగే పూత అది. అందుకే నమలకూడదు. మింగలేకపోతే చెంచాడు యాపిల్ గుజ్జులో కలిపి వెంటనే మింగాలి. పాలల్లో, వేడి అన్నంలో కలిపారో, మందు వృథా.

మోతాదు కొవ్వుని బట్టి ఉంటుంది. మొదలు కిలో బరువుకి పూటకి 500 యూనిట్లు, అంటే 50 కిలోల మనిషికి ఒక క్యాప్సూల్. కిలో బరువుకి పూటకి 2,500, రోజు మొత్తానికి కిలోకి 10,000 యూనిట్లు దాటకూడదు. వంజరం వేపుడుకీ మాడుగుల హల్వాకీ కావాలి, పాల కాఫీకీ కావాలి, జామకాయకి అక్కర్లేదు. తొలిముద్దతో ఒకటి, రెండోది ఉంటే భోజనం మధ్యలో. పరగడుపున వేసుకుంటే దండగే.

సరిగ్గా వాడినా జిడ్డు తగ్గలేదంటే, పేగులో ఆమ్లం మిగిలి పూత కరగట్లేదేమో చూడాలి. దెబ్బతిన్న ప్యాంక్రియాస్ ఆమ్లాన్ని విరిచే బైకార్బనేట్ కూడా సరిపడా ఇవ్వదు మరి. అప్పుడు డాక్టర్లు కడుపులో ఆమ్లం తగ్గించే ఒమెప్రజోల్ లాంటిది జతచేస్తారు.

ఎంజైమ్, పీచు కలిపిన పొడి డబ్బాలు దీనికి బదులు కావు. ఎంజైమ్‌ని పీచుతో కలపడం వేరు, పీచుకి అతికించడం వేరు. లైపేజ్ అణువుకి ఒక మూత లాంటి భాగం ఉంటుంది, నూనె బొట్టు తగిలితేనే తెరుచుకుంటుంది. పీచుకి ఊరికే అంటించితే పేగులోకి వచ్చే పైత్యరసపు లవణాలకి ఊడొస్తుంది. గట్టిగా బిగిస్తే ఆ మూత ఆడదు, చురుకు తగ్గుతుంది. అసలు చిక్కు ఇక్కడే. అతికించిన లైపేజ్ నిజంగా వాడుకలోకి వచ్చింది ట్యూబు ఫీడింగ్‌లో: 2015లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతించిన, ఫీడింగ్ ట్యూబుకి తగిలించే రెలిజార్బ్ కార్ట్రిడ్జ్. ఎంజైమ్ పాలిమర్ పూసలకే ఉండిపోతుంది, ఆహారం వాటి మీదుగా సాగుతూ కొవ్వు విడిపోతుంది. ఇక వట్టి గోధుమ తవుడు, పెక్టిన్ అయితే లైపేజ్‌ని అడ్డుకుంటాయి కూడా. క్యాప్సూల్ వేసుకునే పూట వాటిని గుప్పించకండి.

విశాఖ ఉక్కపోతే దీనికి పెద్ద శత్రువు. 25 డిగ్రీల లోపు, పొడిగా ఉంచాలి. బీచ్ రోడ్డు ఎండలో ఆపిన బండి డిక్కీలో మర్చిపోయిన మందుని మళ్లీ నమ్మొద్దు.